‘గాయాలు లేవు’ అని రాసిన రాత్రి

ఏరియా ఆసుపత్రి క్యాజువాలిటీలో రాత్రి డ్యూటీ చేసినవాళ్లకు ‘మెడికల్’ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. అరెస్టు చేసినవాళ్లను జైలుకు పంపే ముందు చేయించే వైద్యపరీక్ష. ఎవరికో ఈసీజీ తీస్తుంటాం, బయట జీపు ఆగిన చప్పుడవుతుంది. ఇద్దరు కానిస్టేబుళ్లు, మధ్యలో తల వంచుకున్న ఒక మనిషి. ఒకరి చేతిలో స్టేషన్ నుంచి రాసిచ్చిన కాగితం. ‘మేడం, రిమాండ్ కేసు. జర జల్దీ చూడుండ్రి, జడ్జి గారింటికి పోవాలె.’

ఆ ‘చూడుండ్రి’కి మా దగ్గర అర్థం సంతకం పెట్టమని.

మంజీర చుట్టుపక్కల నాలుగు ఊళ్ల ఆసుపత్రుల్లో ఇరవయ్యేడేళ్లు పనిచేసి పోయినేడాది రిటైరయ్యాను. ఊళ్ల పేర్లు రాయను. అందులో నా తప్పు కూడా ఉంది కాబట్టి ఎవరి పేరూ రాయకపోవడమే మర్యాద. ఈ మధ్య మళ్లీ ఒక లాకప్ డెత్ వార్త చదివి, మా అమ్మాయి ‘అమ్మా, మీ దగ్గరికి తెస్తారు కదా, మీకు తెలీదా?’ అని అడిగింది. అప్పటికి ఏదో చెప్పి తప్పించుకున్నాను. రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఇది.

2011. సద్దుల బతుకమ్మ అయిన మర్నాడు. రాత్రి తొమ్మిదిన్నర దాటింది. ఒక బెంచీ మీద పురుగుమందు తాగిన కేసు, ఇంకో పక్క ట్రాక్టర్ మీంచి పడినవాడు, లేబర్ రూములోంచి పిలుపులు. అప్పుడు తెచ్చారు ఆ అబ్బాయిని. పందొమ్మిదేళ్లుంటాయేమో. సెల్‌ఫోన్ షాపులో దొంగతనం అన్నారు. చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చాడు.

‘ఏమైనా దెబ్బలు తగిలాయా?’ అని అడిగాను. కానిస్టేబుల్ వాడి భుజం మీద చెయ్యి వేసే ఉన్నాడు. అబ్బాయి నా వైపు చూడలేదు, ఆయన వైపు చూశాడు. ‘ఏం లేవమ్మా’ అన్నాడు. బీపీ, నాడి చూశాను. చొక్కా విప్పమనలేదు. ‘నో ఎక్స్‌టర్నల్ ఇంజురీస్, ఫిట్ ఫర్ రిమాండ్’ అని రాసి సంతకం పెట్టి, స్టాంపు వేసి ఇచ్చాను. మొత్తం రెండు నిమిషాలు. పురుగుమందు కేసుకు అట్రోపిన్ ఎక్కించే తొందరలో ఉన్నానని అప్పుడే కాదు, చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం కాదు కూడా.

నాలుగో రోజు సబ్‌జైలు నుంచి వాడిని మళ్లీ తెచ్చారు. వాంతులు, మొహం ఉబ్బు, ఒకటిన్నర రోజుగా సరిగా ఒంటేలు లేదు. వచ్చిన కాస్తా కోకాకోలా రంగులో ఉంది. అప్పుడు పాంటు విప్పించి చూస్తే తొడల వెనక, పిరుదుల మీద నల్లగా కమిలి ఉంది. అరికాళ్లు రెండూ ఉబ్బి ఉన్నాయి. వేలితో నొక్కితే గిలగిల్లాడాడు. చెప్పులు ఎందుకు చేత్తో పట్టుకుని వచ్చాడో అప్పుడు తెలిసింది. కాళ్లు వాటిలో పట్టలేదు.

దీన్ని వైద్యంలో రాబ్డోమయోలైసిస్ అంటారు. కండ బాగా నలిగితే అందులోని పదార్థాలు రక్తంలోకి దిగి మూత్రపిండాలను మూసేస్తాయి. ట్రాక్టర్ కింద పడ్డవాళ్లలో చూస్తాం, ఇల్లు కూలి శిథిలాల కింద ఇరుక్కున్నవాళ్లలో చూస్తాం. తొడల మీద అదేపనిగా కొట్టినా, బరువైన కర్ర పెట్టి దొర్లించినా అదే జరుగుతుంది. దెబ్బలు తిన్న పూట మనిషి నడుస్తాడు, మాట్లాడతాడు. ముంచుకొచ్చేది ఒకటి రెండు రోజులు పోయాక. మొదటి రోజే గుర్తిస్తే సెలైన్లతో చాలామందిని బయట పడేయొచ్చు. నేను సంతకం పెట్టింది ఆ మొదటి రోజునే.

హైదరాబాద్ పంపాం. మూడు వారాలు డయాలసిస్ చేశారు. బతికాడు.

రెండు నెలలకు వాళ్లమ్మ వచ్చింది. బీడీలు చుట్టే మనిషి, వేళ్ల చివర్లు తంబాకు రంగు. చేతిలో నేను రాసిన కాగితం జిరాక్సు. ఎవరో వకీలు ‘ఆసుపత్రి కాగితమే ముఖ్యం’ అన్నాడట. ఆమె నన్ను తిట్టలేదు. ‘ఇండ్ల దెబ్బల్లేవని ఉన్నదట గదమ్మా. మరి జైల్లకు పోయినంక కొట్టిండ్రా మా పోరన్ని?’ అని అడిగింది. నిజంగానే అడిగింది, ఎత్తిపొడవలేదు. డాక్టరమ్మ రాసిందంటే అట్లనే ఉంటదని ఆమె నమ్మకం. స్టేషన్లో తిన్న దెబ్బలు నా ఒక్క లైనుతో జైలు ఖాతాలో పడ్డాయి. పై అధికారులకు వాళ్లు పెట్టుకున్న అర్జీ ఆ కాగితం దగ్గరే ఆగిపోయింది. ‘నేను సరిగా చూడలేదమ్మా’ అని ఆమెకు చెప్పాల్సింది. చెప్పలేదు. ‘నాకు గుర్తులేదు’ అన్నాను.

చట్టం సంగతి చెబుతాను, ఎందుకంటే నాకే చాలా ఆలస్యంగా తెలిసింది. 1996 డిసెంబరులో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన 11 సూచనల్లో ఇవి ఉన్నాయి: అరెస్టు మెమో మీద సాక్షి సంతకం ఉండాలి, ఇంట్లోవాళ్లకు కబురు చేయాలి, నిందితుడు అడిగితే ఒంటి మీది చిన్నా పెద్దా గాయాలన్నీ అప్పటికప్పుడు రాసి ఇద్దరూ సంతకాలు పెట్టాలి, అదుపులో ఉన్నన్నాళ్లూ 48 గంటలకోసారి డాక్టర్ చూడాలి. తర్వాత అరెస్టయిన ప్రతి మనిషికీ వైద్యపరీక్ష తప్పనిసరి అని సీఆర్పీసీలోనే, అంటే పాత నేర విచారణ చట్టంలోనే, చేర్చారు. దాని స్థానంలో 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 53వ సెక్షన్. గాయాలు ఏమున్నాయో, అవి సుమారు ఎప్పుడు తగిలాయో డాక్టర్ రాయాలి. ఆడవాళ్లను లేడీ డాక్టరే చూడాలి, లేదా ఆమె పర్యవేక్షణలో చూడాలి. అవసరం అనిపిస్తే డాక్టర్ ఇంకోసారి పరీక్ష చేయొచ్చు. ఆ రిపోర్టు నకలు అరెస్టయిన మనిషికో, అతను చెప్పినవాళ్లకో ఇవ్వాలి.

ఆ చివరి ముక్క నా సర్వీసులో మొదటి పదిహేనేళ్లు ఎవరూ పాటించగా చూడలేదు. నేనూ పాటించలేదు. కాగితం కానిస్టేబుల్ చేతికే ఇచ్చేవాళ్లం.

మనిషి చనిపోతే మాత్రం వ్యవస్థ మొత్తం కదులుతుంది. 24 గంటల్లో జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు చెప్పాలి, పోస్టుమార్టం వీడియో తీయాలి, జుడీషియల్ మెజిస్ట్రేట్ విచారణ జరపాలి. 2021లో అడ్డగూడూరు స్టేషన్లో ఒక దళిత మహిళ చనిపోతే హైకోర్టు ఆదేశాలతో పూడ్చిన శవాన్ని పైకి తీసి రెండోసారి పోస్టుమార్టం చేశారు. శవానికి రెండుసార్లు పరీక్ష. బతికున్నవాడికి రెండు నిమిషాలు, అదీ కానిస్టేబుల్ భుజం మీద చెయ్యి వేసి నిలబడగా.

నన్ను కుదిపింది 2020 జూన్. తమిళనాడు సాత్తాన్‌కుళం. సెల్‌ఫోన్ షాపు నడుపుకునే తండ్రీకొడుకులు జయరాజ్, బెన్నిక్స్. లాక్‌డౌన్‌లో షాపు ఎక్కువసేపు తెరిచారని 19వ తేదీన పట్టుకెళ్లారు, 22న కొడుకు, 23న తండ్రి పోయారు. అందరూ ఆ స్టేషన్ గురించి మాట్లాడారు. నా కళ్లు మాత్రం ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోయాయి. జైలుకు పంపే ముందు వాళ్లను ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లారు, అక్కడ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చారు. రక్తానికి లుంగీలు మార్చాల్సి వచ్చిందని ఇంట్లోవాళ్లు చెప్పిన మనుషులకు. ఆ డాక్టర్ ఎంత ఒత్తిడిలో ఉన్నారో నేను తీర్పు చెప్పను. కానీ ఆ పేపరు మడిచి పెట్టేటప్పటికి నాకు చెప్పులు చేత్తో పట్టుకున్న అబ్బాయే కనిపించాడు.

మర్నాటి నుంచి పద్ధతి మార్చాను. పెద్ద విప్లవమేమీ కాదు. పోలీసులు తలుపు బయట నిలబడాలి, తలుపు సగం తెరిచి ఉంటుంది. మనిషి కనబడాలి, మాట వినబడకూడదు. చొక్కా, పాంటు విప్పి వెలుతురులో చూడాలి. ముందు కాళ్లు చూడాలి. మడమలు నేలకు ఆనిస్తున్నాడా, పాదం అంచుల మీద నడుస్తున్నాడా? నల్లటి ఒంటి మీద కమిలిన గాయం తేలిగ్గా కనపడదు. టార్చిలైటు పక్కనుంచి వేసి, చేత్తో తడిమి, నొక్కి చూడాలి. లాఠీ దెబ్బకు ఒక గుర్తుంటుంది. రెండు సమాంతర గీతలు, మధ్యలో మామూలు చర్మం, రైలు పట్టాల్లాగ. మంచం మీంచి పడ్డా, బండి మీంచి పడ్డా అలాంటి గీతలు పడవు.

ఇంకోటి రంగు. కమిలిన గాయం ముందు ఎర్రగా, తర్వాత నీలంగా, నల్లగా, కొన్ని రోజులకు ఆకుపచ్చగా, చివరికి పసుపుగా మారుతుంది. గంటలు లెక్కకట్టి చెప్పేంత కచ్చితం కాదు, కోర్టులో అలా చెప్పనూ కూడదు. కానీ అరెస్టు మెమోలో ‘ఈ రోజు ఉదయం 11 గంటలకు’ అని ఉండి, తొడ మీద ఆకుపచ్చ రంగు కనిపిస్తే ఏమనుకోవాలి? పట్టుకున్న రోజు ఒకటి, అరెస్టు చూపించిన రోజు ఇంకొకటి. 24 గంటల్లో మెజిస్ట్రేట్ ముందు పెట్టాలన్న రూలుకు మనవాళ్లు కనిపెట్టిన మందు అది. నేను రంగు రాయడం మొదలుపెట్టాను. ‘ఆకుపచ్చ రంగు, కొన్ని రోజుల కిందటిది’ అని. ఒక ఎస్సై ఆ కాగితం చూసి, ‘మేడం, రంగులు ఎందుకు మనకు, చీరల షాపా?’ అన్నాడు. జోకు బాగానే ఉంది, ఒప్పుకుంటాను.

మా సూపరింటెండెంట్ మాత్రం జోకులెయ్యలేదు. ‘ఎందుకమ్మా గొడవ, రోజూ వాళ్లతోనే పని మనకు’ అన్నారు. ఆ మాటలో నిజం ఉంది. క్యాజువాలిటీలో పేషెంట్ పోతే బంధువులు అద్దాలు పగలగొడతారు, సిస్టర్ల మీద చెయ్యి చేసుకుంటారు. అప్పుడు ఫోన్ చేసేది ఆ స్టేషన్‌కే. పొద్దున ఏ హెడ్ కానిస్టేబుల్‌ని తలుపు బయట నిలబెడతానో, రాత్రి ఆయనే వచ్చి నన్ను కాపాడాలి. డాక్టర్లు ఎందుకు నోరు మూసుకుంటారని అడిగేవాళ్లకు ఇది తెలియాలి. దీనికి నా దగ్గర మందు లేదు.

పోలీసులందరూ ఒకటే అని రాస్తే అన్యాయం. మా వైపు లాకప్‌లకు ఇంకో ప్రమాదం ఉంది, కొట్టకుండానే మనిషి పోయే ప్రమాదం. కల్లు. మా జిల్లాల్లో డిపో కల్లు అంటే తాటిచెట్టు నుంచి వచ్చింది ఎంతో, డైజిపామ్, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపింది ఎంతో చెప్పడం కష్టం. ఇరవై ఏళ్లు రోజూ తాగినవాడిని తీసుకెళ్లి లాకప్‌లో పెడితే, కల్లు ఒక్కసారిగా ఆగి రెండో రోజుకు చేతులు వణుకుతాయి, మూడో రోజుకు గోడల మీద పాములు కనపడతాయి, ఫిట్స్ వస్తాయి. ఒకరాత్రి రెండు గంటలకు ఒక హెడ్ కానిస్టేబుల్ ఆటోలో ఒకడిని వేసుకొచ్చాడు. ‘మావోళ్లు యాక్టింగ్ చేస్తుండని అన్నరు మేడం. నాకైతె అనుమానమొచ్చింది. మా బాపు గిట్లనే చేసిండు కల్లు బందయినప్పుడు.’ ఎస్సైకి చెప్పకుండా తెచ్చాడు, మాట పడతాడని తెలిసీ. లోరాజెపామ్ ఇచ్చి, రాత్రంతా చూసుకున్నాం. పొద్దున ఆ మనిషి లేచి చాయ్ అడిగాడు. ఆ హెడ్ కానిస్టేబుల్ సైకిల్ స్టాండ్ దగ్గర కూర్చునే నిద్రపోయి ఉన్నాడు.

అదుపులో ఉన్న మనిషి ఆరోగ్యం, భద్రత చూసుకోవడం అదుపులోకి తీసుకున్నవాళ్ల విధి అని కొత్త చట్టంలో 56వ సెక్షన్ ఒక్క వాక్యంలో చెబుతుంది. ఆయన ఆ సెక్షన్ చదివి ఉండడు. వాళ్ల నాన్నను చూసి ఉన్నాడు, అంతే. షుగర్ మందు, ఫిట్స్ మాత్ర, ఉబ్బసం పంపు, ఇలాంటివి అరెస్టు చేసేటప్పుడే అడిగి రాసుకోవాలి. తలకు దెబ్బ తగిలి మత్తుగా ఉన్నవాడిని ‘తాగి పడ్డాడు’ అని మూల పడుకోబెట్టకూడదు. తాగిన వాసన వస్తున్నా సరే, ముందు స్కాన్.

కొట్టడం ఎందుకు ఆగదని ఒక పాత ఎస్సైని, అప్పటికే రిటైరయ్యాడు, మోకాళ్ల నొప్పికి వస్తే అడిగాను. ‘రికవరీ మేడం’ అన్నాడు ఒక్క మాటలో. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు. కానీ నిందితుడు చెప్పిన చోట సొమ్ము దొరికితే ఆ మేరకు చెల్లుతుంది. పాత సాక్ష్య చట్టంలో 27వ సెక్షన్. బంగారం పోయినవాళ్లు రోజూ స్టేషన్ మెట్లెక్కుతారు, పైనుంచి ఫోన్లు, నెలాఖరు క్రైమ్ మీటింగ్. వేలిముద్రలు, ఫోన్ రికార్డులు పట్టుకుని వారం తిరిగే ఓపిక ఎవరికీ లేదు. పాత కేసులవాడో, పేదవాడో ఒకడు దొరుకుతాడు. 2023లో మెదక్‌లో జరిగింది అదే. గొలుసు దొంగతనం, సీసీ కెమెరాలో ఎవరో కనిపించాడు, పోలికలున్నాయని ఒక కూలీని తీసుకెళ్లారు. వదిలేశాక ఆసుపత్రుల చుట్టూ తిరిగి ఫిబ్రవరిలో హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో చనిపోయాడు. హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. అంతకు రెండేళ్ల ముందే, 2020 డిసెంబరులో, ప్రతి స్టేషన్లో మాట కూడా వినబడే కెమెరాలు పెట్టి, రికార్డింగు 18 నెలలు, కనీసం ఏడాది దాచాలని సుప్రీంకోర్టు చెప్పి ఉంది. దొంగను పట్టే కెమెరా పనిచేస్తుంది, స్టేషన్లో కెమెరానే సరిగ్గా అవసరమైన రోజు రిపేరులో ఉంటుంది.

2001 నుంచి 2020 దాకా దేశంలో పోలీసు కస్టడీ మరణాలు 1,888 అని జాతీయ నేర గణాంకాల లెక్క. ఆ ఇరవయ్యేళ్లలో శిక్ష పడిన పోలీసులు 26 మంది. మిగతా కేసుల్లో ‘గాయాలు లేవు’ అనే కాగితాలు ఎన్ని ఉన్నాయో ఎవరూ లెక్కపెట్టలేదు. అలాంటి కాగితం ఒకటి నేనూ రాశాను.

ఒక మెజిస్ట్రేట్ గురించి చెప్పి ముగిద్దామనుకున్నాను గానీ, ఆవిడ గురించి రెండు మాటలే చాలు. చిన్న వయసు, కొత్త పోస్టింగు. రిమాండ్‌కు తెచ్చిన ప్రతి మనిషినీ పోలీసులను బయటికి పంపి ‘నిన్ను ఎవరైనా కొట్టారా? డాక్టర్ చొక్కా విప్పి చూశారా?’ అని అడిగేవారు. రెండో ప్రశ్న నాకోసం. ఆ ప్రశ్న అడుగుతున్నారని తెలిశాక మా ఆసుపత్రిలో కుర్ర డాక్టర్లందరూ చొక్కాలు విప్పించడం మొదలుపెట్టారు. నేను నాలుగేళ్లు చెప్పినా కానిది.

2024 ఆగస్టు. ముసురు పట్టిన సాయంత్రం. తాపీ మేస్త్రీ ఒకతను, నలభై ఏళ్లుంటాయి, అన్నదమ్ముల భూమి గొడవలో తెచ్చారు. కుడి చెవి వెనక వాపు, వీపు మీద రెండు పట్టాల గీతలు. కొలిచి రాశాను, రంగు రాశాను, బొమ్మ గీసి గుర్తు పెట్టాను. మూడు కాపీలు తీయించి ఒకటి అతని చేతిలో పెట్టాను. చదువు రాదు. కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చూశాడు.

‘అది మాకియ్యాలె మేడం’ అన్నాడు కానిస్టేబుల్.

‘మీది మీకిచ్చాను. ఇది ఆయనది.’

నాలుగు మడతలు పెట్టి జేబు కోసం తడుముకున్నాడు. చొక్కా జేబు చిరిగి వేలాడుతోంది. బయట వాన. మా సిస్టర్ సెలైన్ సీసా కవరు ఒకటి కత్తిరించి తెచ్చి, కాగితం అందులో పెట్టి, ప్లాస్టరు అంటించి ఇచ్చింది. దాన్ని లుంగీ మడతలో దోపుకుని గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

‘అమ్మా, దీన్ని ఎవలకు సూపియ్యాలె?’

‘జడ్జి గారికి. అడగకపోయినా చూపించు.’

సరేనని తలూపి, కాళ్లు సరిగ్గా నేలకు ఆనించి, మెల్లగా మెట్లు దిగాడు.